తెర అవతల తారకం

పట్టీ నుదుటికి చుట్టుకున్న మూడో నిమిషంలో మణిమాలకు మొగుడు కనబడటం మానేశాడు. ఇలాంటి వరం కోసం నోములు పట్టే ఆడవాళ్లు కూడా ఉంటారు. మణిమాల చదువుకున్న మనిషి కాబట్టి యంత్రం చేసుకుంది.

ఆ మొగుడు తారకం సరిగ్గా ఎదురుగా, మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. లంబసింగి దాటాక ఒక కాఫీ తోట పక్కన వాళ్ల వ్యాన్ ఆగి ఉంది. ఉదయం పది గంటలు. తారకం ముందు చెయ్యి ఊపాడు. తర్వాత నాలుక బయటపెట్టాడు. మణిమాల అతని గుండెల్లోంచి కిటికీ బయటికి చూస్తున్నట్టు చూసి, పుస్తకం తెరిచింది.

"ఏటే మణీ, నిజింగానే అగుపడ్డం లేదేటి?"

మణిమాల పేజీ తిప్పింది. తారకం ఆమె టీ గ్లాసు తీసి రెండో వైపు పెట్టాడు. ఆమె చెయ్యి చాపింది, గ్లాసు తగల్లేదు, చుట్టూ వెతికి చూసుకుంది. "ఇటు పెట్టానా," అని గొణుక్కుని తాగేసింది. చీపురు పుల్లతో ముక్కు మీద రాస్తే ఈగను తోలినట్టు తోలింది. తారకం నవ్వి నవ్వి మంచం మీద పడ్డాడు. ఆ మంచానికీ ఆమె కూర్చున్న బల్లకీ మధ్య ఒక మనిషి అడ్డంగా తిరిగే చోటు మాత్రమే ఉంది. ఆమెకు ఆ నవ్వు కూడా వినబడలేదు.

రెండు గంటలయ్యాక పట్టీ తీసింది. మూడు నిమిషాలు గడిచేసరికి తారకం ఆమెకు తిరిగి దొరికాడు.

"ఏం చేశావు బావా ఇంతసేపూ?"

"డాన్సు ఆడినాను. నీకు పున్నెం లేదు, సూణ్ణేదు."

మణిమాల నవ్వింది. ఆమె అలా పళ్లు కనబడేలా నవ్వి చాలా రోజులైంది. అందుకే తారకానికి ఆ యంత్రం మీద మొదటి రోజే అభిమానం పుట్టింది.

"ఒక కన్ను మూసుకో బావా," అందామె. "నీ ముక్కు కనబడుతోందా?"

"కొస కనిపిస్తంది."

"రెండు కళ్లూ తెరువు. ఇప్పుడు?"

"నేదు."

"లేకేం, అక్కడే ఉంది. పుట్టినప్పటి నుంచీ నీ కళ్లకి అడ్డంగానే ఉంది. రోజూ ఉండేదాన్ని చూసి ఏం లాభమని మెదడు దాన్ని తీసి పక్కన పెట్టేసింది. ఈ పట్టీ అదే పని నేర్పుతుంది. ముక్కు బదులు నిన్ను పక్కన పెట్టమంటుంది, అంతే."

తనను ముక్కుతో పోల్చినందుకు తారకం పొంగిపోయాడు. పొంగిపోవలసిన పోలిక కాదది. కానీ అతని సంగతే అంత, ప్రేమగా చెబితే తిట్టు కూడా తలకెక్కించుకునే రకం.

వాళ్లిద్దరూ మేనరికం. బొబ్బిలి దగ్గర పద్దెనిమిది మంది ఉన్న ఇంట్లో మణిమాల పెరిగింది. అరుపులూ పిల్లల ఏడుపులూ తప్పించుకోవడానికి ధాన్యం గదిలో బస్తాల వెనక కూర్చుని చదివేది. తారకం విజయనగరం నుంచి బస్సు నడిపేవాడు. పెళ్లయ్యాక ఆమె చదువుకుంటానంటే సరేనన్నాడు. ఆమె విశాఖలో డాక్టరేటు చేస్తుంటే రెండేసి డ్యూటీలు చేశాడు. ఆమె మెదడు మీద పరిశోధన చేసే సంస్థలో చేరింది. అతను ఇరవై ఎనిమిదేళ్లు స్టీరింగు పట్టుకుని, వెనక యాభై మంది గోలలో హాయిగా బతికాడు. ఇంజను పక్కన కూర్చున్న ముసలమ్మ చేత కోడలి కథ చెప్పించుకుంటే తప్ప అతనికి ట్రిప్పు పూర్తయినట్టుండేది కాదు. పిల్లలు లేరు.

ముందుగానే రిటైర్మెంటు తీసుకున్నాక, పాత అంబులెన్సు ఒకటి కొని లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించుకున్నాడు. ఊళ్లు తిరగాలని అతని కోరిక. మణిమాల ఒక షరతు మీద ఒప్పుకుంది. వారంలో నాలుగు రోజులు మనుషులు లేని చోట బండి ఆపాలి. మిగతా మూడు రోజులు సంతలో ఆపుకున్నా, జాతరలో ఆపుకున్నా తన అభ్యంతరం లేదు. ఒప్పందం బాగానే ఉంది. చిక్కెక్కడంటే, మనుషులు లేని చోట కూడా తారకం ఉంటాడు. ఆరడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు. అందులో ఒక మనిషి మౌనంగా చదువుకోవాలి, ఇంకో మనిషి ఉల్లిపాయ తరుగుతూ కూడా ఉల్లిపాయతో మాట్లాడతాడు.

సంస్థకు సరిగ్గా అలాంటి ఇరుకే కావలసి వచ్చింది. నెలల తరబడి జలాంతర్గాముల్లో, మంచు ఖండంలో, అంతరిక్ష నౌకల్లో ఉండేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసి చూసి చివరికి కొట్టుకు చస్తున్నారట. మణిమాల తన పట్టీని ముందు తన వ్యాన్‌లోనే పరీక్షిస్తానంది. ల్యాబ్ పెద్ద వసుంధర సంతకం చేసింది.

పట్టీకి తారకాన్ని నేర్పడానికి నాలుగు నెలలు పట్టింది. గొంతు, దగ్గు, గురక, చెప్పుల చప్పుడు, చెమట పట్టిన చొక్కాలు, చేతిరాత, మూడు దిక్కుల నుంచి నడక. మణిమాల వదిలిపెట్టే మనిషి కాదు. "ఇంకోసారి గట్టిగా అరువు బావా. నమూనా తక్కువైతే నిన్ను దాచే తెర చిరుగుతుంది," అనేది. తారకం పెళ్లి సూటుకు కొలతలిచ్చినంత ఉత్సాహంగా తనని తాను మొత్తం ఇచ్చేశాడు. ఏడుపు రాదంటే ఉల్లిపాయ పెట్టి మరీ ఏడ్చాడు.

ఒక్క చప్పుడు మాత్రం ఇవ్వలేదు. డిపోలో పాత బస్సులోంచి తెచ్చుకున్న బెల్లు ఒకటి వ్యాన్ కప్పుకి బిగించి తాడు కట్టాడు. ఒక బెల్లు కొడితే ఆపమని, రెండు కొడితే పోనిమ్మని. ఇరవై ఎనిమిదేళ్లు అతని బతుకు ఆ రెండు మాటల మీదే నడిచింది. తెర పడి ఉండగా అతనికి ఏదైనా ప్రమాదం వస్తే ఒక బెల్లు కొట్టాలి, ఆమె పట్టీ తీసెయ్యాలి. అదీ ఏర్పాటు.

ఆ ఏర్పాటును తారకమే తగలేశాడు. ఆ మాట అతని పక్షాన ఉన్నవాళ్లమైనా ఒప్పుకోవాలి. మొదటివారం రెండుసార్లు కొట్టాడు. ఒకసారి పాము, అది న్యాయమే. రెండోసారి కొండ మీంచి మబ్బు దిగి రోడ్డు మీద నడుస్తోందని. మూడోవారానికి రోజుకు నాలుగైదు బెల్లులు. అడవికోడి పిల్లలు, పనస తొనలు, చింతపల్లి సంతలో తనని గుర్తుపట్టిన పాత కండక్టరు. అందమైంది ఏది కనబడినా పక్కనున్నవాళ్లకు చూపించకపోతే అతనికి చూసినట్టే ఉండదు.

"ప్రాణం మీదికొస్తే కొట్టమన్నాను బావా."

"ఒక్కణ్ణీ సూత్తే పేనం పోతాదే నాకు."

ఆ మధ్యాహ్నం తారకం వాగులో గిన్నెలు తోముతుంటే, మణిమాల రికార్డరు పక్కన పెట్టుకుని ఆ బెల్లును పదే పదే కొట్టుకోవడం దూరంనుంచి వినబడింది. బెల్లు పనిచేస్తోందో లేదో చూస్తోంది కాబోలు, ఎంత జాగ్రత్త, అనుకున్నాడు పిచ్చి మహారాజు. సిగ్గుపడి ఆ తర్వాత తాడు ముట్టలేదు.

పట్టీ పెట్టుకునే రెండు గంటలు నాలుగయ్యాయి. నాలుగు గంటలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అయ్యాయి. చివరికి సాయంత్రం ఆరు నుంచి, ఆమె పడుకునే ఎనిమిది వరకు మాత్రమే తారకానికి మిగిలింది. ఆ రెండు గంటల కోసం అతను రోజంతా మాటలు దాచుకునేవాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ రెండు గంటల్లో మణిమాల బంగారం. ఒంటరితనంతో కడుపు నిండి వచ్చేది కదా, పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుని, అన్నీ అడిగి మరీ చెప్పించుకునేది. పెళ్లయిన కొత్తలో కూడా ఆమె అంత చక్కగా వినలేదు. అందుకే తారకం మిగతా పన్నెండు గంటలూ భరించాడు. తనే వండి, తనే బండి కడిగి, ఆమె పక్కనే కూర్చుని భోంచేశాడు. ఆమె అతని వాటా కూర కూడా వడ్డించేసుకునేది.

ఒక్క విషయం అతనికి నచ్చలేదు. పట్టీ తీశాక అతను తిరిగి కనబడటానికి పట్టే సమయం పెరుగుతోంది. మూడు నిమిషాలు పదయ్యాయి, పది అరగంట అయింది. ముందు వాసన తెలిసేది, తర్వాత గొంతు, ఆఖరికి మనిషి. ఆమె రోజూ సంస్థకు పంపే నివేదికలో ఆ గడి దగ్గర 'వెంటనే' అని రాయడం అతను వెనకనుంచి చూశాడు.

"వెంటనే ఏటే? నలభై నిమిషాలు పట్టింది ఈయేల."

"తెలిస్తే ఆపేస్తారు బావా. ఒక్క నెల ఓపిక పట్టు. ముగింపుకొచ్చేసింది."

తారకం తలూపాడు. ఆమె ముగింపు అన్నది పరిశోధనకి.

ఆ శుక్రవారం ఆరింటికి ఆమె పట్టీ తీసింది. ఆరున్నరైంది, ఏడైంది, ఎనిమిదైంది. "ఈరోజు నాకు అలసటగా ఉంది, రేపు కనబడు బావా," అని పడుకుంది. తెల్లారి ఎండెక్కినా ఆమెకు తారకం కనబడలేదు.

"బావా! ఎక్కడికెళ్లావు?"

"ఇక్కడే ఉన్నానే. ఇటు, ఇటు సూడు."

ఆమె కిందకు దిగి వ్యాన్ చుట్టూ తిరిగింది. అతను వెనకే తిరిగాడు. తర్వాత లోపలికి పరుగెత్తి ఒక బెల్లు కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. తాడు తెగి చేతిలోకి వచ్చేదాకా కొట్టాడు. కొండ అవతల పశువుల వెనక పోతున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. వ్యాన్ పక్కనే నిలబడ్డ మణిమాల మాత్రం జుట్టు ముడి సరిచేసుకుంటోంది. వాగు దగ్గర తాను విన్న ఆ మోత బెల్లును కూడా పట్టీకి నేర్పడానికేనని అప్పటికి తారకానికి అర్థమైంది. తనని నమూనాలుగా ఇచ్చినప్పుడు కలగని నొప్పి అప్పుడు కలిగింది. తెగిన తాడు పట్టుకుని వ్యాన్ మెట్టు మీద కూలబడ్డాడు.

కాఫీ తోటలో కాయలు కోసే ఒక నడివయసు ఆడమనిషి బుట్టతో వస్తుంటే మణిమాల ఎదురు వెళ్లింది.

"అమ్మా, మా ఆయన కనబడ్డారా? పొడుగ్గా, బట్టతల, ఖాకీ చొక్కా."

ఆమె మణిమాలను చూసింది. మెట్టు మీంచి లేచి వస్తున్న తారకాన్ని చూసింది.

"ఈ బాబు కాదేటమ్మా? నీ ఎనకాలే ఉన్నాడు గదా."

మణిమాల వెనక్కి తిరిగింది. తారకం కళ్లలోకి కళ్లు పెట్టి, అక్కడ ఒక కాఫీ మొక్కను చూసింది. చదువుకున్న మనిషి కాబట్టి ఇంకెవరూ ఏమీ వివరించక్కర్లేదు. రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

"బావా, ఉన్నావా? ఇక్కడ ఉన్నావా నువ్వు?" అంటూ రెండు చేతులూ గాలిలోకి చాపింది.

తారకం ఆ రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. ఆమె వాటిని విడిపించుకుని చలేసినట్టు ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

"దెయ్యం గానీ పట్టీసిందేటి బాబూ మీ ఆవిడికి?" అందా మనిషి జాలిగా.

"దెయ్యాన్ని నానేనమ్మా," అన్నాడు తారకం.

వసుంధర విశాఖ నుంచి వచ్చింది. ఆమెకు యాభై దాటాయి, మాట తక్కువ, మొహమాటం ఎక్కువ. నివేదికలు ముందు పెట్టుకుని 'వెంటనే' అన్న గడిని చాలాసేపు చూసింది. మణిమాలను ఒక్క మాట కూడా అనలేదు. చికిత్స చెప్పింది. పట్టీ తీసుకుపోయింది. ముక్కులో రోజూ వేసుకునే చుక్కలు ఇచ్చింది. మెదడు పారేసుకున్నదాన్ని మళ్లీ అదే పట్టుకోవాలి, అందుకని భార్యాభర్తలు ఆ ఇరుకులోనే విడవకుండా ఉండాలంది. రెండు నెలలు పట్టవచ్చు. తిరిగి రాకపోవచ్చు కూడా. రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తుంది, ఇద్దరూ జవాబు చెప్పాలి.

ఆ ఫోన్ వాళ్లిద్దరికీ మిగిలిన ఏకైక దారి. తారకం చెప్పింది వసుంధర మళ్లీ చెప్పేది. వసుంధర గొంతులో అయితే మణిమాలకు వినబడుతుంది.

"మేడం, పులుసులో ఉప్పెక్కువైనాదేటో అడగండి."

"మణిమాలా, పులుసులో ఉప్పు ఎక్కువైందా అని అడుగుతున్నారు."

"సరిపోయిందని చెప్పండి. నన్ను క్షమించమని చెప్పండి."

"వింటున్నారు. మీరే చెప్పండి."

తారకానికి చెప్పవలసింది కొండంత ఉండేది. పెళ్లానికి చెప్పుకునే మాటల్ని పరాయి ఆడమనిషి నోట పెట్టడానికి సిగ్గేసి, ఉప్పు గురించీ డీజిల్ గురించీ మాత్రమే చెప్పేవాడు.

మొదటి పదిహేను రోజులూ మణిమాల కుమిలిపోయింది. ముక్కులో చుక్కలు వేసుకుని ఖాళీ డ్రైవరు సీటు వంక గంటలకు గంటలు కళ్లు కాయలు కాసేలా చూసేది. "ఇవాళ వాసన తెలిసినట్టుంది బావా," అనేది. తారకం ఆ సీటులోనే కూర్చుని, ఆమెకు ఎదురుగా తిరిగి, ఎప్పుడు చూస్తుందా అని రెప్ప వేయకుండా ఉండేవాడు. నడుం పట్టేసినా లేచేవాడు కాదు. ఆ ఒక్క చూపు కోసం మళ్లీ పుట్టమన్నా పుట్టేవాడు.

తర్వాత ఏడుపు తగ్గింది. మంచిదే అనుకున్నాడు. ఆమె పుస్తకం మళ్లీ తీసింది. వేళకు కంచంలో అన్నం ఉంటోంది. ఉతికిన చీర మడతపెట్టి ఉంటోంది. "రేపు సీలేరు వైపు పోదాం బావా," అని గాలితో అంటే తెల్లారేసరికి బండి సీలేరు దారిలో ఉంటోంది. మాటల్లేవు, గురక లేదు, బెల్లు లేదు. ఆమె చెంపలు నిండాయి. తారకం సన్నబడ్డాడు. ఇరవై తొమ్మిదో రోజు ఫోన్‌లో వసుంధర, చాలా ఇబ్బందిగా ఉందా అని అడిగింది.

"నిజం చెప్పమంటారా?" అంది మణిమాల. "ఇబ్బందేమీ లేదు. పక్కన ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం ఉంది. ఆ మనిషి లేడన్న హాయీ ఉంది. నేను జన్మంతా వెతుక్కున్నది ఇదేనేమో అనిపిస్తుంది ఒక్కోసారి."

వసుంధర గొంతు తగ్గించింది.

"మీ ఆయన వింటున్నారు, మణిమాలా."

"తెలుసు," అంది మణిమాల.

తారకం ఆ రోజు ఉప్పు సంగతి కూడా అడగలేదు. మొగుడు వింటున్నాడని తెలిసి కూడా ఒక ఆడది అంత మాట అనగలిగిందంటే, ఆ మొగుడు ఆమె లెక్కలో అప్పటికే మనిషి కాడు. అంత మాటనీ అతను జబ్బు మీదకు నెట్టేశాడు. జబ్బు మనిషి ఏదో అంటుంది, నయమయ్యాక సిగ్గుపడుతుంది, అప్పుడు తనే ఊరడిస్తాడు. అలా అనుకుని రాత్రి నిద్రపోయాడు.

ముప్పై నాలుగో రోజు పొద్దున ఘాట్ రోడ్డు దిగుతున్నారు. మణిమాల వెనక బల్ల దగ్గర కూర్చుంది. మలుపులో వెనక లారీ ఏదైనా ఉందేమోనని తారకం అద్దంలోకి చూశాడు. అద్దంలో మణిమాల కళ్లు అతని కళ్లతో కలిశాయి.

రెప్పపాటు. అంతే, ఆమె చూపు కిటికీ వైపు జారిపోయింది.

ఇంకొకడైతే దాన్ని పట్టుకోలేకపోయేవాడు. కానీ అద్దంలో జనం మొహాలు చూస్తూ ఇరవై ఎనిమిదేళ్లు బతికినవాడతను. ఆదమరచి చూసే చూపేదో, టిక్కెట్టు తీసుకోకుండా కూర్చున్నవాడు డ్రైవరు కన్ను తగలగానే తిప్పుకునే చూపేదో అతనికి నిద్రలో అడిగినా తెలుసు. కనబడని మనిషి కన్ను తగిలితే ఎవరూ చూపు తిప్పుకోరు.

స్టీరింగు తప్పి బండి అంచుదాకా పోయింది. ఎలాగో తిప్పి ఆపాడు.

"ఎందుకు ఆపావు బావా? టీ తాగుతావా?" అంది మణిమాల. అతని మొహానికి రెండు జానల ఎడంగా, ఖాళీ గాలిలోకి చూస్తూ అంది. చాలా బాగా చేసింది. ముందు రోజులన్నిట్లోనూ ఎలా చూసిందో సరిగ్గా అలాగే చూసింది.

మధ్యాహ్నం వాగు ఒడ్డున ఆగారు. మణిమాల వ్యాన్‌లో పీట వాల్చుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తారకం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మణీ. అగుపడతన్నాను కదూ?"

చిక్కుడు ఈనె తీసింది.

"ఎన్నాళ్లయినాది? అది సెప్పు సాలు. నానేటీ అన్ను."

ఇంకో కాయ అందుకుంది.

"నా మాటలు ఎక్కువే. ఒప్పుకుంతన్నాను. నోరు కుట్టీసుకుంతాను. రోజుకి రెండే మాటలాడమను, రెండే ఆడతాను. ఏటీ ఆడొద్దంటే ఆడను. నా వంక ఒక్కపాలి సూడు, సాలు. నన్ను అక్కర్లేదంటావా, నర్సీపట్నం బస్టాండులో దిగిపోతాను, ఆ మాట నా మొకం మీద సెప్పు. గాలికి సెప్పకు."

ఆమె చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి. చేతులు మాత్రం ఆగలేదు. తారకానికి అప్పుడు మొత్తం అర్థమైంది. ఆమె అతన్ని దిగిపొమ్మనదు. దిగిపోతే బండి ఎవరు నడుపుతారు, అడవిలో పక్కన ఎవరుంటారు? తోడు కావాలి. తారకం అక్కర్లేదు. దేవుడో దెయ్యమో ఆ రెంటినీ ఆమెకు విడదీసి ఇచ్చాడు, ఆమె ఇక వాటిని కలవనివ్వదు.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. తారకం గిన్నె దించి పక్కన పెట్టాడు. మంట పెద్దది చేసి, కుడి అరచెయ్యి దాని మీద పెట్టి, ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. అతనికి సెకండ్లు లెక్కపెట్టే అలవాటు లేదు, స్టాపులు లెక్కపెట్టే అలవాటుంది.

"విజీనగరం," అన్నాడు. "గజపతినగరం."

ఆమె కాయ తుంచింది.

"మానాపురం." చర్మం ముడుచుకుంది. కాలిన వాసన ఆ కొంచెం చోటంతా నిండింది. "రామభద్రపురం."

ఆమె వేళ్లు ఆగాయి. చిక్కుడుకాయ సగం విరిగి చేతిలో ఉంది. కళ్లు చివ్వున నిండాయి. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు "బావా" అని వచ్చి చెయ్యి లాగుతుంది అనుకున్నాడు తారకం. ఆ నొప్పిలో కూడా అతనికి సంతోషం ముంచుకొచ్చింది. ఆమె కళ్లు చీర కొంగుతో అద్దుకుంది. విరిగిన కాయను పూర్తిగా తుంచి గిన్నెలో వేసింది. ఇంకోటి తీసుకుంది.

చివరి స్టాపు సాలూరు చేరేదాకా అతను ఉండలేకపోయాడు. అరిచి, పరుగెత్తి వాగులో చెయ్యి ముంచాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. కొండకు తగిలి అతని అరుపు అతనికే తిరిగి వచ్చింది. వాగు ఒడ్డున చాలాసేపు కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ చూడనప్పుడు మనిషి ఎంత ఘోరంగా ఏడవగలడో అంత ఘోరంగా ఏడ్చాడు.

తిరిగి వచ్చేసరికి మణిమాల బల్ల దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చుంది. పొయ్యి కట్టేసి ఉంది. బల్ల ఈ చివర, అతను కూర్చునే వైపు, కాలిన గాయాలకు రాసే మందు గొట్టం ఉంది. మూత తీసి ఉంది. పక్కనే కట్టు గుడ్డ, ఒంటిచేత్తో చుట్టుకోవడానికి వీలుగా సరైన పొడవుకు కత్తిరించి ఉంది.

ఆమె తల ఎత్తలేదు. తారకం కూర్చుని మందు రాసుకున్నాడు. పళ్లతో కట్టు బిగించుకున్నాడు.

ఐదింటికి ఫోన్ మోగింది. మణిమాల స్పీకరు నొక్కి బల్ల మధ్యలో పెట్టింది.

"ఎలా ఉన్నారు మణిమాలా? ఏమైనా మార్పు తెలుస్తోందా?" అని అడిగింది వసుంధర.

"లేదు. ఏమీ లేదు."

"వాసన కూడా?"

"లేదు."

"తారకం గారూ, మీరు చెప్పండి. మీ వైపునుంచి ఏమైనా తేడా గమనించారా? చూపులో గానీ, నడకలో గానీ? చిన్నదైనా ఫరవాలేదు. రేపు నేను బయల్దేరి వచ్చి పరీక్ష చేస్తాను."

మణిమాల పుస్తకం వైపే చూస్తోంది. అక్షరాల మీద కళ్లు కదలడం లేదు. ఊపిరి బిగపట్టడం వల్ల మెడ నరం ఒకటి పైకి లేచి కొట్టుకుంటోంది. ఒక్క మాట చాలు. వసుంధర వస్తుంది, పరీక్ష చేస్తుంది, బుకాయింపు బయటపడుతుంది, మణిమాల అతని మొహం చూడక తప్పదు. ఆ తర్వాత ఆ మొహం చూస్తూ ఈ ఇరుకులో ఉండనూ ఉండదు. సంచి సర్దుకుని విశాఖ బస్సెక్కుతుంది. తారకం ఒక్కడూ ఖాళీ వ్యాన్‌లో, ఉల్లిపాయలతో మాట్లాడుకుంటూ, తనను చూడనివాళ్లు కూడా లేకుండా బతకాలి.

"తారకం గారూ, ఉన్నారా?"

"ఉన్నానమ్మా," అన్నాడు తారకం. "తేడా ఏటీ లేదు. నానింకా అగుపడ్డం లేదు."

"ఓపిక పట్టండి. ఇంకా సమయం ఉంది."

"పడతానమ్మా."

మణిమాల మెడ మీది నరం మెల్లగా అణిగింది. ఫోన్ కట్టేసి, "రాత్రికి చిక్కుడుకాయ కూర చేస్తే బాగుంటుంది," అంది కిటికీతో. తారకం లేచి ఎడమచేత్తో పొయ్యి వెలిగించాడు.